ఇరవయ్యో కడవ

తామ్రగిరి రాజ్యంలో నీడ లేని మనిషిని చూసి కుక్కలు మొరగవు. తోక ముడుచుకుని గోడవారగా తప్పుకుపోతాయి. కంచరి మాచన అన్నగారు గంగన వీధిలోకి వచ్చినప్పుడల్లా ఏడాదిగా జరుగుతున్నది అదే. నిరుడు ఆవిరి తేరుల పందెంలో ఆఖరున వచ్చినందుకు, ఆచారం ప్రకారం అతని నీడను కోసుకుపోయారు. నీడ పోయిన మనిషి సరిగ్గా ఏడాది బతుకుతాడు. ఆ ఏడాది ఈ రోజు పొద్దుగూకడంతో తీరిపోతుంది.

ఉదయం మాచన పందేనికి బయలుదేరుతూ అన్న మంచం దగ్గరికి వెళ్ళాడు. గంగన దీవించడానికి చిటికెన వేలు లేని చెయ్యెత్తాడు. ఆ అరచేతిలోంచి, గోడకు ఆనించిన చాప అల్లిక పుల్లపుల్లగా కనిపించింది.

"గెలిస్తే గెలిచావు, లేకపోతే లేదు. ఆఖరున మాత్రం రాకురా మాచా," అన్నాడు గంగన. "ఇంటికొకడు చాలు."

మాచన వంగి అన్న కాళ్ళకు దణ్ణం పెట్టాడు. పందెం గెలిచినవాడు నీడల మందిరంలోంచి ఒక్క నీడను అడిగి విడిపించుకోవచ్చు. అతనికి కావలసింది ఆ ఒక్కటే. బంగారు పళ్ళెమూ, పట్టు తలపాగా ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోవచ్చు.

తామ్రగిరి చుట్టూ ఏడామడల బాట. కొండ మొత్తం రాగి. ఎండ పడితే కుంకుమ రాశిలా, మబ్బు పడితే ఎండిన నెత్తురులా ఉంటుంది. ఆ బాట మీద గుర్రాలు పరుగెత్తవు. వాటి గిట్టలు కాలిపోతాయి. అందుకే ఆ రాజ్యంలో తేరులను ఆవిరితో తోలతారు. తేరు నడుమ పెద్ద రాగి కుండ, కింద పొయ్యి, కుండ మూతిలోంచి చక్రాల దాకా గొట్టాలు. కుండ ఎంత పెద్దదైతే తేరు అంత ఉరుకుతుంది. ధనవంతులు కొండంత కుండలు చేయించి పేదవాళ్ళను తొక్కేయకుండా, ముత్తాతల నాటి రాజు రాతి మీద ఒక శాసనం చెక్కించాడు: 'కుండ పదహారు కడవలకు మించరాదు. మించిన కుండ సుత్తికి.'

రాయి మీద ఉన్నది అంతే. ఆ రాజుగారు ఇంకో నాలుగు ముక్కలు చెక్కించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

కొలిచే పని సాంబన్నది. రాజముద్ర వేసిన రాగి కడవ వాళ్ళ వంశంలో నాలుగు తరాలుగా ఉంది. పందెం రోజు తెల్లవారగానే, కుండలు చల్లగా ఉండగా, ఒక్కొక్క కడవే ఎత్తి పోస్తూ, "లాభం, రెండు, మూడు..." అని కొండ మారుమోగేలా పాడతాడు. కొలతలో మొదటి కడవను ఒకటి అనడం అతని నోట ఎవరూ వినలేదు. అది ఎప్పుడూ లాభమే. ఆ ఉదయం ఏడు తేరులకూ పదహారు పాడాడు. ఏడింటికీ కుండ మూతి దాకా సమంగా నీళ్ళు నిలిచాయి.

ఏడో తేరు నిశాకంఠుడిది. అతను ఆస్థాన మాంత్రికుడు, నీడల మందిరానికి కాపలాదారు, పైగా నాలుగేళ్ళుగా పందెం గెలుస్తున్న సారథి. కంచె వేసినవాడే చేను మేయకూడదని రాతి మీద రాసి లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

నగారా మోగింది. ఏడు తేరులూ కొండ మీదికి దూకాయి.

మొదటి మలుపులోనే రెండు తేరులు ఒకదానినొకటి రాసుకుని లోయలోకి జారాయి. గబ్బిలాల సొరంగంలో పొగ కమ్మి మరొకటి గోడకు గుద్దుకుంది. మాచన ఒక చేత్తో పగ్గపు కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో పొయ్యిలోకి చండ్ర కట్టెలు విసురుతూ, సొరంగంలోంచి రెండోవాడుగా బయటపడ్డాడు. అతని తేరు ఈల వేస్తోంది, బుసకొడుతోంది, గొట్టాలు కటకటలాడుతున్నాయి. ముందు వెళ్తున్న నిశాకంఠుడి తేరు మాత్రం చప్పుడే చెయ్యడం లేదు. దగ్గరికి చేరినప్పుడు చెవికి తగిలింది ఆవిరి మోత కాదు. నిద్రలో ఉన్న మనుషులు ఊపిరి తీసి వదులుతున్నట్టుంది. ఒక్కరు కాదు, చాలామంది.

మాచన తల వెనక్కి లాక్కున్నాడు. అయినా మరో రెండు కట్టెలు విసిరాడు. ఉయ్యాల వంతెన మీద నిశాకంఠుడి పక్కకు చేరబోయాడు కూడా. అప్పుడు ఆ తేరు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. కుండ పక్కలు ఉబ్బి, మళ్ళీ సర్దుకున్నాయి. మాచన రెప్ప వేసి తెరిచేసరికి అది వంతెన అవతల ఉంది.

సగం బాట దగ్గర నీళ్ళ మజిలీ. అక్కడికి చేరేసరికి ఎవరి కుండైనా అడుగంటుతుంది. వేడి కుండలో చన్నీళ్ళు పోస్తే పగులుతుంది కాబట్టి, రాజుగారి గుండిగల్లో సలసల కాగే నీళ్ళు సిద్ధంగా ఉంటాయి. ఎవరి మనుషులు వాళ్ళ కుండ నింపుకోవాలి. అక్కడ కొలిచేవాళ్ళు లేరు. ఎవరి తొందర వారిది, పక్కవాడి కుండ ఎవడు చూస్తాడు?

మాచనా చూడలేదు. విన్నాడు. పుట్టినప్పటినుంచీ రాగి చప్పుళ్ళ మధ్య పెరిగినవాడు. తన కుండలోనూ, పక్కన నిశాకంఠుడి కుండలోనూ ఒకేసారి పోయడం మొదలుపెట్టారు. కడవ వెంట కడవ, రెండూ జోడుగా మోగుతున్నాయి. పదహారో కడవకు తన కుండ మూతి దాకా వచ్చింది, ఇంకో చెంబెడు పట్టింది. అది మామూలే, వేడికి ఏ రాగైనా కాస్త సాగుతుంది. పక్క కుండలో మాత్రం నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పదిహేడు. పద్దెనిమిది. మోత వింటే ఇంకో రెండు కడవలైనా పట్టేట్టుంది.

మాచన కట్టె పారేసి, పరుగున వెళ్ళి ఫిర్యాదు గంట కొట్టాడు.

ఆ గంట మోగితే తేరులన్నీ ఎక్కడివక్కడ ఆగాలి. పొయ్యిలు ఆర్పకూడదు, చక్రాలు కదలకూడదు. తీర్పు చెప్పేదాకా అంతే. రాజు హేమకేతుడు పల్లకీలో దిగాడు. ముంజేతికి దుమ్ము అంటితే విసుక్కునే మనిషి. వెనకనే కడవ చంకన పెట్టుకుని సాంబన్న రొప్పుతూ వచ్చాడు.

"ప్రభూ, ఆయన కుండ పదహారు కాదు," అన్నాడు మాచన. "చల్లగా ఉంటే పదహారు. కాగితే ఇరవై దాకా పోతోంది. మేమంతా పదహారు మీద ఉరుకుతుంటే ఆయన ఇరవై మీద ఉరుకుతున్నాడు."

నిశాకంఠుడు తేరు దిగలేదు. వెన్నపూస కరిగినంత మెత్తగా నవ్వాడు. "రాతి మీద ఏముంది కంచరీ? కుండ పదహారు కడవలకు మించరాదని. ఉదయం కొలిచారు, మించలేదు. కాగిన కుండను కొలవాలని ఎక్కడ రాశారు?"

"చల్లని కుండనే కొలవాలనీ రాయలేదు కదా!"

"నాలుగు తరాలుగా చల్లగానే కొలుస్తున్నారు."

"కాగిన కుండను ముట్టుకుంటే చేతులు ఊడతాయి కాబట్టి!"

పక్క తేరు మీంచి రేచమ్మ దిగింది. సముద్రపు దీవుల నుంచి వచ్చిన సారథి. మనిషి తాడిచెట్టంత, నోరు దానికి రెండింతలు. "ఉండుండు తమ్ముడూ," అంది. "ఆయన పక్షం మాట్లాడుతున్నాననుకోకు. నా కుండా వేడికి ఉబ్బుతాది, నీదీ ఉబ్బుతాది. నీది చెంబెడు, నాది చెంబున్నర. ఏ చెంబు దగ్గర న్యాయం, ఏ కడవ దగ్గర అన్యాయం? అది ముందు తేల్చకుండా గంట కొడితే రేపు నన్నూ దొంగంటావు."

మాచన ఆలోచించాడు. ఆమె మాటలో తప్పులేదు. అదే అతనికి మరీ బాధనిపించింది. "అక్కా, రాగి తనంతట తాను సాగితే అది రాగి గుణం. సాగడానికే కుండ చేస్తే అది చేసినవాడి గుణం," అన్నాడు.

రేచమ్మ గడ్డం గోక్కుంది. "ఆ ముక్క బాగుంది," అని తన తేరు పొయ్యి ఎగదోసుకోవడానికి వెళ్ళిపోయింది.

రాజు హేమకేతుడు ఇటు చూశాడు, అటు చూశాడు. మాంత్రికుడంటే అతనికి భయం, జనమంటే మొహమాటం. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. చివరికి గొంతు సవరించుకుని, "ఇరువురి మాటలోనూ సబబు ఉంది. కాబట్టి వచ్చే ఏటి పందెం నుంచి కుండలను చల్లగానూ, వేడిగానూ కూడా కొలవవలసిందని ఆజ్ఞాపిస్తున్నాం. ఈ ఏటికి పందెం సాగనివ్వండి," అన్నాడు.

జనం బాగుంది బాగుంది అన్నారు. మాచన మాత్రం పొద్దు వంక చూశాడు. అది కొండ భుజం మీదికి వాలుతోంది. వచ్చే ఏడు! వచ్చే ఏటికి గంగన ఎక్కడుంటాడు? ఊరి కుక్కలకు తప్పుకునే పని కూడా ఉండదు. కోపంతో సాంబన్న వైపు తిరిగాడు.

"అయితే సాంబన్నా, నీ కడవదే తప్పు," అన్నాడు. "నేను పద్దెనిమిది మోతలు విని గంట కొట్టాను, అప్పటికీ కుండ నిండలేదు. నువ్వు పదహారు పాడావు. నీ కడవకు చిల్లు పడి ఉండాలి, లేదా నీకు లెక్క రాకపోయి ఉండాలి."

సాంబన్న ముఖం కందగడ్డయింది. నాలుగు తరాలలో ఆ కడవను ఎవరూ ఆ మాట అనలేదు. "చిల్లా? మా తాత ఈ కడవను తలకింద పెట్టుకుని పడుకునేవాడు! ప్రభూ, నన్ను కొలవనివ్వండి. వీడి నోరు ముయ్యించకపోతే నేను ఇంటికి వెళ్ళను!"

"నేను తప్పయితే నా నీడ తీసుకోండి," అన్నాడు మాచన.

రాజుకు కాదనడానికి సాకు దొరకలేదు. నిశాకంఠుడు భుజాలు ఎగరేసి, కుండ అడుగు బిరడా తానే తీశాడు. నింపిన నీళ్ళన్నీ పొగలు కక్కుతూ కారిపోయాక మళ్ళీ బిగించాడు. అతను అంత తేలికగా ఒప్పుకున్నాడేమిటని మాచన అప్పుడే అనుమానించి ఉండవలసింది. గెలిచే తొందరలో ఉన్నవాడికి అనుమానం ఆలస్యంగా వస్తుంది.

గుడ్డలు చుట్టుకున్న చేతులతో సాంబన్న మరిగే నీళ్ళు ఎత్తి పోశాడు. "లాభం!" కొండ బదులు పలికింది. "రెండు! మూడు!" పది దాటేసరికి గొంతులో ధీమా ఉంది. "పదహారు!" అని పాడి, విజయంతో కుండలోకి తొంగి చూశాడు. ధీమా పోయింది. "పదిహేడు," అన్నాడు. పాటలా లేదు. పద్దెనిమిదికి జనం ముందుకు తోసుకొచ్చారు. పంతొమ్మిదిని గొణిగాడు. ఇరవయ్యో కడవ పోశాక నీళ్ళు మూతి దాకా వచ్చి నిలిచాయి. సాంబన్న ఆ అంకె నోటితో చెప్పలేకపోయాడు.

మాచన కుండ అంచు మీదికి వంగాడు. పైన నీలాకాశం ఉన్నా నీళ్ళలో ఆకాశం లేదు. రాగి లోపలి గోడకు నల్లగా ఏవో అంటుకుని ఉన్నాయి. మసి అనుకున్నాడు. మసి కదిలింది. వీపులు ఆనించి, మోకాళ్ళతో గోడను బయటికి తోస్తూ, నలుగురు మనుషుల నీడలు! చల్లబడితే ముడుచుకోవడం, కాగితే సాగడం వాళ్ళకు అలవాటైపోయినట్టుంది. కుండ ఉబ్బుతున్నది రాగి గుణం వల్ల కాదు, వాళ్ళ యాతన వల్ల. నాలుగేళ్ళు, నలుగురు ఓడినవాళ్ళు, నాలుగు కడవలు. మందిరంలో నీడలే లేవు. ఉన్నవన్నీ ఇక్కడే ఉన్నాయి.

నాలుగో నీడ అరచేతిని గోడకు ఆనించి ఉంది. దానికి చిటికెన వేలు లేదు. చిన్నప్పుడు కొలిమి తిత్తిలో పడి నలిగిన వేలు.

"అన్నా!" అన్నాడు మాచన.

నీటిలోంచి దగ్గు వినిపించింది. కంచరివాళ్ళ దగ్గు, రాగిపొడి పట్టిన దగ్గు.

"ఇరవై కడవలు," అంటున్నాడు రాజు వెనకనుంచి. ఇంతమంది చూశాక ఇక తప్పించుకోలేడు. "మించిన కుండ సుత్తికి. శాసనం స్పష్టంగా ఉంది."

"స్పష్టంగా ఉంది ప్రభూ," అన్నాడు నిశాకంఠుడు. తేరు దిగి, చేతులు కట్టుకుని, భక్తుడిలా తల వంచాడు. "శాసనానికి నేను ఎదురు చెప్పగలనా? ఇప్పుడే కొట్టించండి. ఇక్కడే, ఈ ఎండలోనే."

అప్పుడు మాచనకు ఆ ఎత్తు అర్థమైంది. కుండ పగిలితే నీడలు ఎండలో పడతాయి. పట్టుకోవడానికి ఒళ్ళు లేని నీడ ఎండలో ఎంతసేపుంటుంది? కన్నుమూసి తెరిచినంత. నిశాకంఠుడి నాలుగేళ్ళ దొంగతనానికి సాక్ష్యం ఆవిరైపోతుంది. గంగన ఇంట్లో మంచం మీద, పొద్దుగూకకముందే పోతాడు. అప్పుడు మాచన ఏ న్యాయం గెలిచినట్టు?

"ఆగండి ప్రభూ! కుండ పగలగొట్టవద్దు! అందులో మనుషులున్నారు!"

"నువ్వు అడిగిన న్యాయమే కదా!" అన్నాడు రాజు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "నీకోసం ఒక రకం, అతనికోసం ఒక రకం శాసనం ఉంటుందా?"

సుత్తి పట్టిన భటుడు రెండు చేతులా పైకెత్తాడు. అది కిందికి రాలేదు. రేచమ్మ నడుమున వేలాడే కొరడా గాలిలోంచి వచ్చి పిడికి చుట్టుకుంది. భటుడు, సుత్తి కలిసి దుమ్ములో దొర్లారు.

"ఏందిరా చూస్తున్నావు!" అని అరిచింది రేచమ్మ. "ఎక్కి తోలు! పొయ్యి కాలుతూనే ఉంది!"

మాచన నిశాకంఠుడి తేరు మీదికి దూకి మీట లాగాడు. ఇరవై కడవల ఆవిరి ఒక్కసారి గొట్టాల్లోకి ఉరికింది. భటులు చెదిరారు, రాజుగారి పల్లకీ బోర్లా పడింది, సాంబన్న కడవను కడుపుకు హత్తుకుని పక్కకు దొర్లాడు. తేరు కంచె విరగ్గొట్టుకుని బాట దాటి మైదానంలో పడింది. రెండు బాణాలు చెక్కల్లో దిగాయి, మూడోది మాచన చెవి తమ్మెను గీరుకుపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే నిశాకంఠుడు తరమడం లేదు. నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, చుట్టాన్ని సాగనంపుతున్నట్టు.

ఎందుకో మాచనకు వెంటనే తెలిసింది. ఇల్లు పడమట ఉంది. పగ్గపు కడ్డీని పడమటికి తిప్పాడు. తేరు తిరగలేదు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి లాగాడు. చక్రాలు గీపెట్టి, మళ్ళీ తూర్పుకే మళ్ళాయి. తూర్పున కనుచూపు మేర బూడిద రంగు చిత్తడి, దాని నడుమ పొగ లేకుండా మండుతున్న ఒక కొలిమి. ఈ కుండను పోతపోసింది అక్కడే అయి ఉంటుంది.

"లాగకురా," అంది కుండలోంచి గంగన గొంతు. "పొద్దు వాలేకొద్దీ నీడలు తూర్పుకే సాగుతాయి. కడ్డీ మీద వాడి చెయ్యి లేకపోతే మేం సాగినవైపే తేరు పోతుంది. వాడు ఆ లెక్క చూసుకునే కట్టాడు."

"మీరు ఆగలేరా?"

"నీడ ఎప్పుడైనా ఆగిందా?" అన్నది మరో గొంతు, ముసలిది. "మూడేళ్ళ కిందట నేనూ ఆ ప్రశ్నే అడిగాను నాయనా."

కిందికి చూస్తే నేల మీద తేరు నీడ పొడుగ్గా పరుచుకుని ఉంది. అందులో నలుగురు కూర్చుని ఉన్నారు. ఐదోది మాచన నీడ. రెండు చేతులూ కడ్డీ మీదే ఉన్నా, అతని నీడ ఒక చెయ్యి మెల్లగా కుండ వైపు చాస్తోంది.

"చూశావు కదా," అన్నాడు గంగన. గొంతులో కంగారు ఇప్పుడు దాచుకోలేకపోయాడు. "కుండ నిన్నూ అడుగుతోంది. పొద్దుగూకేసరికి నువ్వు ఈ తేరు మీద ఉంటే ఇరవై ఒకటో కడవ నువ్వే అవుతావు. దూకెయ్ మాచా. ఇక్కడ నేల మెత్తగా ఉంది, దెబ్బ తగలదు. ఇంటికి పో. నేను పోయే వేళకు మీ వదిన దగ్గర ఎవరైనా ఉండాలి."

నేల నిజంగానే మెత్తగా ఉంది. పచ్చగడ్డి. దూకడం ఎంతసేపు? మాచన ఒక కాలు తేరు అంచు మీద పెట్టాడు కూడా. అతనికి భయం వేసింది. చాలా భయం వేసింది. అతనేమీ రాకుమారుడు కాడు, కుండలకు మాట్లు వేసుకుని బతికేవాడు.

పొయ్యిలో మంట తగ్గుతోంది. కుండ చల్లబడుతోంది కాబోలు, లోపల నలుగురూ ముడుచుకుంటున్న బాధకు మూలిగారు. అందులో గంగన మూలుగు మిగతావాళ్ళకంటే చిన్నగా ఉంది. తమ్ముడికి వినబడకూడదని పళ్ళు బిగించుకున్నట్టుంది.

మాచన కాలు వెనక్కి తీశాడు. కట్టెల పెట్టెలో చూశాడు. ఆరు మిగిలాయి. నాలుగు తీసి పొయ్యిలో వేశాడు.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా?"

"చలి పెడుతోందిగా మీకు," అన్నాడు మాచన. "కుండ కట్టినవాడి కొలిమిలోనే కుండ విప్పడం కూడా తెలుస్తుంది. మన పని అదేగా అన్నా, కట్టడం, విప్పడం."

"పొద్దు ఇంకా మూరెడే ఉందిరా!"

"అయితే తొందరగా పోదాం. ఈసారి మీరందరూ కలిసి తొయ్యండి."

లోపల నలుగురి వీపులూ ఒకేసారి రాగికి ఆనిన చప్పుడు వినిపించింది. కుండ ఉబ్బింది. తేరు గడ్డినేల దాటి, చక్రాల కింద బుడగలు చిట్లుతుండగా, చిత్తడిలోకి దిగింది. ఎదురుగా కొలిమి తలుపులు తమంతట తామే తెరుచుకుంటున్నాయి.